నువ్వు చేసిన మిషన్ నీది కాదని రాసిచ్చినాను

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. పొద్దున సమాధి మీద పూలు పెట్టొచ్చినాను గానీ, ఈ మాట ఆడ నోట్లోంచి రాలేదు. అందుకే రాస్తాండాను.

మూడు నెలల కింద ఆదోనిలో మన షెడ్డుకు ఒక పట్నం కంపెనీ నోటీసు పంపింది. శెనక్కాయలు వొలిచే మిషన్‌లో, పప్పు పగలకుండా నువ్వు పెట్టిన రబ్బరు పట్టీలకు వాళ్ళకు ఈమధ్యనే పేటెంట్ వచ్చిందంట. పెద్దకడుబూరు రైతులకు నువ్వవి చేసిచ్చినప్పుడు నేనింకా బడికి పోతాంటిని. ఆ మాటే మన వకీలుకు చెప్పినాను.

"నిజమేనమ్మా. అది రుజువయ్యేదాకా ఏళ్ళ తరబడి ఢిల్లీ కోర్టుకు తిరగల్ల. ఓడినా వాళ్ళకేం కాదు, గెలిచేలోపల నీ షెడ్డు మూతపడతాది" అన్నాడు.

భయపడినాను. ఆ పట్టీలు వాళ్ళవేనని సంతకం చేసిచ్చినాను.

నిన్న ఈరన్న వచ్చినాడు. నీ దగ్గర పని నేర్చుకుని ఎమ్మిగనూరులో షెడ్డు పెట్టుకున్నాడే, ఆయనే. ఆయనకూ అదే నోటీసు.

"నేను కొట్లాడతా సెల్లీ. ఉత్త బెదిరింపు కేసులేసేటోళ్ళతో ఎదుటోళ్ళ ఖర్చంతా కట్టించే గట్టి చట్టం రావల్ల. మీ నాయనే చేసినాడని నువ్వొచ్చి సాక్ష్యం సెప్పు" అన్నాడు.

సంతకం సంగతి చెప్పినాను. ఆయన తిట్టలేదు.

"అయితే కోర్టులో నీ కాగితమే నా మీద పెడతారు" అని, టీ తాగకుండానే లేచి పోయినాడు.

ఇప్పుడే ఆయనకు ఫోన్ చేసి, సాక్ష్యానికి వస్తానని చెప్పినాను. అప్పుడు అబద్ధం రాసిచ్చినదాన్ని ఇప్పుడెట్లా నమ్మాలని కోర్టులో అడుగుతారు. అడగనీ, పోతాను నాయనా.

నీ కూతురు