మామ ఫోన్‌లో మా కారు

మస్తాన్ మామకు నమస్కారాలు.

మీరు అమ్మిన కారు చక్కగా నడుస్తోంది. అప్పట్లో మీ డ్రైవరు ఎక్కడ తిరుగుతున్నాడో ఫోన్‌లో చూసుకోవడానికి మీరు పెట్టించిన జీపీఎస్‌ను మాత్రం నిన్న ప్రొద్దుటూరులో తీయించేశాను. కోపం తెచ్చుకోవద్దు.

మొన్న కారు జమ్మలమడుగు ఆసుపత్రి దగ్గర ఆగి ఉండటం మీ ఫోన్‌లో చూశారు. నా ఫోన్ కలవక, పులివెందులలో ఉన్న మా అమ్మకు చెప్పారు. స్కానింగ్‌కు మా వంతు వచ్చి బయటపడేసరికి అమ్మ బస్సు దిగి వచ్చి ఎదురుగా నిలబడి ఉంది.

"ఏందప్పా, నాతో ఏం దాస్తాండారు?" అని ఏడ్చింది.

శిరీషకు మూడో నెల. డాక్టరు అంతా బాగుందన్నాకే అందరికీ చెబుదామనుకున్నాం. వినగానే అమ్మ కోడలి చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

ఇకమీదట మేం ఎక్కడున్నామో మీ ఫోన్ చెప్పదు. ఆదివారం అత్తను తీసుకుని మీరే రండి. ఎంతదాకా వచ్చారని దారిపొడుగునా నేను ఫోన్ చేస్తుంటాను.

మీ అల్లుడు