జనవరి కాదు, జూన్

షాలేం రాజు అంకుల్‌కి,

వందనాలు. ఫోన్ చేస్తే "పర్లేదులేమ్మా" అనేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

న్యూజెర్సీలో మన ప్లెయిన్స్‌బరో చర్చి సెక్రటరీగా మీరిచ్చిన సభ్యత్వ బదిలీ ఉత్తరంలో, మేము పోయినేడు జనవరిలోనే టెక్సస్ వచ్చేశామని రాయించుకున్నాను. ఆఫీస్ ఫార్మాలిటీ అని చెప్పాను. అది అబద్ధం. మేము వచ్చింది జూన్‌లో. ఇక్కడ జీతం మీద స్టేట్ టాక్స్ లేదు. ఆ ఐదు నెలల టాక్స్ న్యూజెర్సీకి ఎగ్గొడదామని రిటర్న్‌లో జనవరి అని ఫైల్ చేశాను. అక్కడి టాక్స్ వాళ్ళు రుజువు అడిగారు.

మీ ఉత్తరం కవర్లో పెడుతుంటే ఫైల్‌లోంచి మా ఫెబీ బాప్తిస్మం సర్టిఫికెట్ జారిపడింది. అదే ఏడాది ఈస్టర్ ఆదివారం, ప్లెయిన్స్‌బరో. రెండింటి మీదా మీ సంతకమే. ఆ రోజు పాపని ఎత్తుకుని ఫొటో దిగింది కూడా మీరే.

ఆ ఉత్తరం పంపలేదు. జూన్ దాకా అక్కడే ఉన్నామని రిటర్న్ సరిచేసి టాక్స్ కట్టేశాను. ఇక్కడి ఇర్వింగ్ చర్చిలో ఇవ్వడానికి అసలు తేదీతో ఇంకో ఉత్తరం రాసివ్వండి.

"జనవరి ఏంటమ్మా, ఈస్టర్‌కి ఇక్కడే ఉన్నారుగా" అని మీరు ఒక్క మాట అనుంటే అక్కడే ఆగిపోయేదాన్నేమో అంకుల్.

చూశారా, ఇప్పుడు కూడా తప్పు మీ మీదికే నెడుతున్నాను.

ఫెబీ వాళ్ళమ్మ