చింతపండుతో తోమిన రూపాయి

ఫిబ్రవరి, శనివారం రాత్రి

కేబుల్‌వాళ్ళు ఒక్కో ఛానెల్‌కీ విడిగా రేటు పెట్టి బిల్లు పెంచినప్పటి నుంచి, రాబర్ట్‌సన్‌పేటలో నా పాత నాణేల అంగడికి కొనేవాళ్ళకంటే అమ్మేవాళ్ళే ఎక్కువ వస్తున్నారు. ఈరోజు బంగారు గని కూలీల ఇళ్ళ లైన్ల నుంచి మేరీ అక్క, సీరియల్ ఛానెల్‌కి కట్టడానికని విక్టోరియా రూపాయి అమ్మకానికి తెచ్చింది. అద్దంలా మెరుస్తోంది.

"తోమినావా అక్కా?"

"చింతపండేసి బాగా తోమినానప్పా. మురికి పోతేనే సరుక్కి ధర అని, బంగారం మిల్లులో ఉన్నప్పుడు మా ఆయన అంటా ఉండె."

పాత నాణేనికి ఆ నలుపే ధర. తోమేస్తే వెండి బరువుకే కొంటారని చెప్పాను. ఆమె రూపాయిని కొంగున ముడేసుకుంది.

"నా సీరియల్ పోతే పోనీలేప్పా. మా లైన్లో అందరి రూపాయలూ నేనే తోమిచ్చినాను."

రేపు చర్చి అయ్యాక వాళ్ళంతా వస్తారు.