అత్తయ్యగారి శుక్రవారాలు

అత్తయ్యగారికి మీ కోడలు కరుణ వందనాలు.

మీరు వెళ్ళి పదకొండు నెలలు నిండాయి. వచ్చే నెలకి సంవత్సరం. జ్ఞాపకార్థ కూడికకి కార్డులు అచ్చు వేయిస్తున్నారు మీ అబ్బాయి. నిన్న సాయంత్రం కైకలూరు ప్రెస్సు నుంచి నమూనా కాగితం తెచ్చి, తప్పులుంటే చూడమని నా చేతికిచ్చారు.

చూశాను. అక్షరాల తప్పులేమీ లేవు. ఫొటో కూడా బాగా కుదిరింది. మీరు రిటైరైన రోజు స్కూల్లో తీసింది, కనకాంబరం రంగు చీరలో. దాని కింద నాలుగు లైన్లు. మూడో లైను దగ్గర ఆగిపోయాను. మీరు "కోడలి గర్భఫలం కొరకు ఉపవాస ప్రార్థనలో ఉండి ప్రభువు పిలుపునందుకున్న ధన్యురాలు" అట.

మీరు ధన్యురాలు. మరి నేనెవరిని?

ఈ ఉత్తరం మంచిగా రాయలేను, ముందే చెబుతున్నాను. మీ మీద కోపంగా ఉంది. నా మీద కూడా ఉంది. మీ అబ్బాయి మీదయితే చెప్పక్కర్లేదు. అయినదానికీ కానిదానికీ చిరాకు రావడం కూడా నాకొచ్చిన ఈ జబ్బు లక్షణమేనని ఏలూరు డాక్టరుగారు అన్నారు. ఇప్పుడు రిపోర్టులు నార్మల్‌కి వచ్చాయి. కోపం మాత్రం తగ్గలేదు... అంటే ఇది జబ్బుది కాదు, నాదేనన్నమాట.

మొదలుపెట్టింది మీరే కదా. మా పెళ్ళయిన నాలుగో ఏడు, ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు చర్చిలో ప్రార్థన మనవులు చదువుతున్నారు. ఎవరికో కంటి ఆపరేషనట, ఎవరమ్మాయికో పరీక్షలట, ఎవరి చెరువులోనో రొయ్యకి తెల్లమచ్చ తెగులు వచ్చిందట. ఆ వెనకే నా పేరు. సహోదరి కరుణ గర్భఫలం కొరకు. నాతో ఒక్క మాటయినా అనలేదు మీరు. కలిదిండి చర్చిలో ఆ రోజు ఉన్నవాళ్ళంతా తల వంచుకునే ముందు ఒకసారి నా పొట్ట వంక చూశారు. ఇంటికొచ్చి అడిగితే, "దేవుడి దగ్గర సిగ్గేంటమ్మా?" అన్నారు.

నేను సిగ్గుపడింది దేవుడి దగ్గర కాదండీ.

ఆ వారం నుంచే మీ శుక్రవారాలు మొదలయ్యాయి. పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా మంచినీళ్ళు తప్ప మరేమీ ముట్టేవారు కాదు. షుగరున్న మనిషి! మీ అబ్బాయి వద్దన్నారు, నేనూ వద్దన్నాను. "మీకు తెలీదు, ఊరుకోండి" అన్నారు. మేం ఊరుకున్నాం.

అప్పటికి నా ఒంట్లో ఏముందో ఎవరికీ తెలీదు. నాకున్నది ఒక్కటే, ఆకలి. పొద్దున్నే ఆరు ఇడ్లీలు తిని, పది కొట్టకముందే చద్దన్నం గిన్నె వెతుక్కునేదాన్ని. ముందుగదిలో మీరు ఉపవాసముంటే, వంటింట్లో నేను కంచం పట్టుకుని నిలబడటం ఎలా ఉంటుందో మీకెప్పుడైనా తోచిందా? తినకపోతే ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు. అందుకే తలుపు దగ్గరగా వేసుకుని, చప్పుడు కాకుండా తినేదాన్ని. మీకు ఎలాగూ తెలిసిపోయేది. "కూర్చుని తినమ్మా, నీ ఉపవాసం కూడా నేనే ఉంటున్నాను కదా" అని అక్కడి నుంచే కేకేసేవారు.

ప్రేమగానే అన్నారు. ఆ మాట విన్నాక ఎన్నిసార్లు కంచం గట్టు మీద పెట్టేశానో!

అంత తిన్నా కండ పట్టలేదు. జాకెట్లన్నీ రెండేసి సార్లు లోపలికి కుట్టించాను. "తిన్నదంతా ఎటు పోతోందే నీకు?" అని నవ్వేవారు. నా కళ్ళు పెద్దవయ్యాయి. మామూలుగా చూసినా, "నేనేమన్నానని గుడ్లురిమి చూస్తావమ్మా?" అని నొచ్చుకునేవారు. టీ గ్లాసు వణికితే భయమన్నారు, గుండె దడదడలాడితే గ్యాసన్నారు. నెలసరి ఒక నెల వచ్చి రెండు నెలలు రాకపోతే మాత్రం... అది జబ్బని మీకూ తోచలేదు, నాకూ తోచలేదు. ఆ రెండు నెలలూ నన్ను బిందె ఎత్తనిచ్చేవారు కాదు. మూడో నెల నేను బట్టలు తడుపుకుంటుంటే, గదిలోకెళ్ళి మోకరించేవారు.

తాడేపల్లిగూడెం వెళ్ళినప్పుడు మా అమ్మ నా మెడ కింద వాపు చూసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇంకెన్నేళ్ళు ప్రార్థిస్తూ కూర్చునేవాళ్ళమో. అమ్మే ఏలూరు తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించింది. థైరాయిడ్ ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువగా పనిచేస్తోందన్నారు. ఆకలి, వణుకు, కళ్ళు, నెలసరి, అన్నీ దాని వల్లేనట. పిల్లలు కలగకపోవడానికి కూడా అదే కారణం కావచ్చట.

మళ్ళీ వారం నేనూ మీ అబ్బాయీ వెళ్ళాం. అప్పుడు చెప్పారు డాక్టరుగారు అసలు మాట. ముందు ఇది అదుపులోకి రావాలి, ఇంత ఎక్కువగా ఉన్నప్పుడు కడుపొస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం, ఇప్పుడు రాసే బిళ్ళలు మొదటి నెలల్లో బిడ్డకి మంచివి కావు, కాబట్టి కనీసం ఆరు నెలలు పిల్లలు రాకుండా జాగ్రత్తపడండి అని. పిల్లల కోసం వెళ్ళినవాళ్ళం, పిల్లలు వద్దనే చీటీ పట్టుకుని బస్సెక్కాం.

కొల్లేరు దాటాక మీ అబ్బాయి అన్నారు, థైరాయిడ్ అని మాత్రం అమ్మకి చెబుదాం, రెండోది చెప్పొద్దు అని. తెలిస్తే మీరు బిళ్ళలు మానిపిస్తారట. ఆదివారానికల్లా చర్చి స్త్రీల సమాజం మొత్తానికి తెలిసిపోతుందట. నేను సరేనన్నాను. మీ గురించి ఆయన చెప్పిందాంట్లో అబద్ధం ఏముంది కనక?

అలా మొదలైంది. మీ అబ్బాయి రొయ్యల చెరువులకి నీళ్ళు పరీక్ష చేసే సామాన్ల పెట్టె ఉంది చూడండి... మీరు కదపరని, పిల్లలు రాకుండా ఏలూరు మెడికల్ షాపులో కొన్నవి అందులో దాచేవారు. ప్రతి ఆదివారం అయ్యగారు నా పేరు చదివేవారు. నేను ముసుగేసుకుని తల వంచుకునేదాన్ని. ప్రతి శుక్రవారం మీరు కడుపు మాడ్చుకునేవారు. దేని కోసం అడుగుతున్నారో అది రాకుండా ఆ ఇంట్లోనే మేం చూసుకుంటున్నాం. ఎన్నిసార్లు చెప్పేద్దామనుకున్నానో... అనుకోవడమే.

ఐదో నెలలో ఒక శుక్రవారం. షుగర్ బిళ్ళ మాత్రం మానకూడదని, ఏమీ తినకుండానే వేసుకున్నారు. మధ్యాహ్నం షుగర్ తగ్గిపోయి పెరట్లో కుళాయి దగ్గర పడిపోయారు.

నేనప్పుడు తింటున్నాను అత్తయ్యగారూ. చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చి మిమ్మల్ని పట్టుకుంటే, మీ చీరకి పప్పు అంటుకుంది.

తుంటి విరిగింది. ఏలూరులో ఆపరేషన్ అయింది. నాలుగో రోజు మీకు బత్తాయి తొనలు ఒలిచి పెడుతుంటే, పైకప్పు వంక చూస్తూ అన్నారు, "నా ప్రార్థనలోనే ఏదో లోపం ఉందమ్మా. లేకపోతే ఇన్నేళ్ళు వినకుండా ఉంటాడా?" అని.

మాట నోటిదాకా వచ్చింది. మీ లోపం కాదండీ, మేమే ఆపాం, ఇంకొక్క నెల ఓపిక పట్టండి అని. అంతే కదా చెప్పాల్సింది? తలుపు దగ్గర నిలబడ్డ మీ అబ్బాయి నా వంక చూశారు. నేను ఇంకో తొన మీ నోట్లో పెట్టాను. తొమ్మిదో రోజు మీ గుండె ఆగిపోయింది.

దేవుడు మీ మాట వినలేదనుకుంటూ పోయారు. దీనికి నన్నేం చెయ్యమంటారు?

మీరు పోయాక జరిగిన ఆదరణ కూడికలో అయ్యగారు మీ శుక్రవారాల గురించే అరగంట చెప్పారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి నా చేతులు పట్టుకుని, మా అత్తగారు నాకోసం ప్రాణం పెట్టేశారని ఏడ్చారు. ఆవిడ ప్రార్థన వృథా పోదని ధైర్యం కూడా చెప్పారు. ఆ తర్వాత రెండు నెలలు నేను బిళ్ళలు సరిగా వేసుకోలేదు. మళ్ళీ పెరిగింది. మళ్ళీ మొదటికొచ్చాం. చర్చిలో నా పేరు ఇప్పటికీ చదువుతున్నారు, పరలోకంలో ఉన్న మీ మనవి మేరకు అని కలిపి.

పోయిన నెల డాక్టరుగారు రిపోర్టు చూసి, ఇక ప్రయత్నించవచ్చన్నారు. బిళ్ళ మార్చారు. నెలనెలా రక్తపరీక్ష చేయించుకోమన్నారు, నెల తప్పితే ఆ వారమే రమ్మన్నారు. ఏలూరు బస్టాండులో మీ అబ్బాయి కళ్ళు తుడుచుకోవడం చూశాను. నేనేమో ఈ నెలంతా ఏదో ఒక వంక పెట్టి ఆయనకి దూరంగానే ఉన్నాను.

ఎందుకో మీకు తెలుసా? ఇప్పుడు బిడ్డ పుడితే, మీ ప్రాణం ఇచ్చి తెచ్చుకున్న బిడ్డంటారు. ఆడపిల్లయితే మీ పేరే పెట్టాలని ఇప్పటి నుంచే అంటున్నారు. దానికి ఊహ తెలిసేసరికి ఎవరో ఒకరు బుగ్గ గిల్లి, నీకోసమే మీ నాయనమ్మ తిండి మానేసి చచ్చిపోయిందని చెబుతారు. పుట్టకపోతే, అంత మనిషి ప్రాణం దండగ చేసిన కోడల్ని నేను. ఎటు చూసినా నాకు దారి లేకుండా చేసి వెళ్ళిపోయారు మీరు.

ఉపవాసం ఉండమని నేనడిగానా? ఒక్కసారైనా కూర్చోబెట్టి, నీకేం కావాలమ్మా అని అడిగారా మీరు?

అడిగి ఉంటే చెప్పేదాన్నా... అదీ తెలీదు.

ఇందాక పెన్ను తీసుకుని ఆ మూడో లైను కొట్టేశాను. మీ అబ్బాయికి చూపించాను. అమ్మకి ఊళ్ళో ఉన్న మంచిపేరు తీసేస్తావా అన్నారు. క్యారేజీ కూడా పట్టుకెళ్ళకుండా చెరువుల మీదకి వెళ్ళిపోయారు. వెళ్ళనివ్వండి. ఆకలేస్తే ఆయనే వస్తారు.

వచ్చే నెల కూడికలో కోడలిగా మీ గురించి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు అయ్యగారు. చెబుతాను. ఆ ఐదు నెలలూ బిడ్డ వద్దనుకున్నది మేమేనని, డాక్టరు చెప్పింది మీ దగ్గర దాచామని, తెలిసి ఉంటే మీరు ఆ శుక్రవారం అన్నం తినేవారేమోనని, మీ ప్రార్థనలో ఏ లోపమూ లేదని నిలబడి చెబుతాను. మీ అబ్బాయి లేచి బయటికెళ్ళిపోయినా సరే. ఆ తర్వాతే బిడ్డ సంగతి.

పుడితే, ఏదో ఒక రోజు అడగక మానదు, నాయనమ్మ ఎలా పోయిందని. నీకోసం అని మాత్రం చెప్పను. షుగర్ పడిపోయి పోయిందమ్మా, మేం నిజం చెప్పక పోయింది అని చెబుతాను.

మాట ఇస్తున్నాను.

మీ కోడలు,
కరుణ