డ్రైవరు గారి అమ్మ

చిరంజీవి చిన్నోడికి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ నాన్నా నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ కోడలూ కూడా బాగుండాలి. బాగానే ఉన్నాం అని రాసేశాను గానీ, పొద్దున్నుంచీ నాకు ఒకచోట కుదురు లేదు. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే పొయ్యి కట్టేశానో లేదో చూడ్డానికి ఒకసారి, వీధి తలుపు గడియ చూడ్డానికి ఒకసారి, ఊరికే ఇంకోసారి లేచాను. "కాళ్లకి చక్రాలేమన్నా ఉన్నాయేంటే? కాసేపు కూర్చో!" అని మీ నాన్న కసురుకున్నారు.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నీ గొంతు వినగానే అసలు సంగతి మింగేసి, తిన్నావా నాయనా అని అడిగి పెట్టేస్తాను. రెండు రోజులుగా జరుగుతున్నది అదే. నీ శిక్షణప్పుడు ఫోన్లు ఇవ్వకపోబట్టి మనకి అలవాటైన ఉత్తరాలు ఇవాళ ఇలా పనికొచ్చాయి.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు పరవాలేదు, దిగేటప్పుడే కాస్త మొండికేస్తోంది. కోడలికి ఏడో నెలలో మెట్లెక్కితే ఆయాసం మామూలే, నువ్వు హడావిడి చేసి దాన్ని బెదరగొట్టకు. కాళ్లకి నీరు పడితే మాత్రం వెంటనే డాక్టరుకి చూపించు. నీ ఉద్యోగం పర్మినెంటయ్యే కాగితం నెలాఖరుకి వస్తుందని రాశావు. ఆ వాక్యం మీ నాన్న చేత రెండుసార్లు చదివించుకున్నాను.

అత్తయ్య ఉద్యోగం అసలేంటని కోడలు అడిగిందన్నావు. చెప్పు దానికి, మీ అత్తయ్యకి జీతమిచ్చి మరీ దొంగవేషం వేయిస్తారని. బాంబుకి బదులు ఇసుక నింపిన పెట్టె ఒకటి ఇస్తారు. ప్రమాదమేమీ లేదు, లోపల మా ఆఫీసు ముద్ర కూడా ఉంటుంది. దాన్ని సంచిలో పెట్టుకుని మామూలు ప్రయాణికురాలిలా మెట్రో స్టేషన్లోకి వెళ్లాలి. ఎవరు ఆపారు, ఎవరు ఆపలేదు, పెట్టె ఎక్కడిదాకా వెళ్లగలిగింది అన్నది నివేదికలో రాయాలి. ఆ కంతలు పూడిస్తే, నిజంగా చెడు తలపెట్టినవాడికి దారి ఉండదు. ఈ వయసు ఆడదాన్ని ఎవరూ అనుమానించరు, నా అర్హత అంతే.

ఈ పనిలో పడ్డాక నా బుర్ర కూడా పాడైంది. మొన్న డాక్టరు దగ్గర ఎవరో గొడుగు మరిచిపోతే, ఎవరిదండీ, ఎవరిదండీ అని అందరినీ లేపి మరీ అడిగాను. చివరికి నర్సు, "అమ్మా, అది మా డాక్టరు గారిదే, మీరు కూర్చోండి!" అని చీవాట్లు పెట్టింది.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "మా లైనుకి ఎన్ని మార్కులు వేశావమ్మా?" అని అడిగావు. ఇక్కడే నా కలం ఆగిపోతోంది.

నేను మీ ఊరు వచ్చింది ఆ తనిఖీకే. పని మర్నాడు మొదలుపెట్టాలి. బండి దిగి నేరుగా నీ దగ్గరికి వచ్చాను. నువ్వు స్టేషను గేటు దాకా ఎదురొచ్చి, మా అమ్మ అని చెప్పగానే కాపలా అతను ముఖమంతా నవ్వు చేసుకున్నాడు. "డ్రైవరు గారి అమ్మా! రండి రండి, మిమ్మల్ని చూసేదేముందండీ" అంటూ నా సంచిని తనిఖీ మిషన్లో పెట్టకుండా పక్కనుంచి దాటించేశాడు. నువ్వేమో, "రామ్మా, ముందు నుంచి చూద్దువుగాని" అని నీ క్యాబిను తలుపు తీశావు. "ఏంటమ్మా ఇంత బరువు, ఇటుకలు మోసుకొచ్చావా?" అని నవ్వుతూ నీ చేత్తోనే సంచిని నీ కాళ్ల పక్కన పెట్టుకున్నావు.

అందులో ఉన్నది ఆ పెట్టే నాయనా.

ఎందుకు చెప్పలేదంటావా? బండి కదిలింది. సొరంగంలో దీపాలు మన మీదకి వస్తుంటే, నా కొడుకు ఇంతమందిని నడిపిస్తున్నాడని పొంగిపోయి సంచి సంగతే మరిచాను. అంతలో తలుపు అద్దంలోంచి వెనక్కి చూశాను. ఒకావిడ ఒళ్లో పిల్లని పెట్టుకుని జడ వేస్తోంది. ఒకాయన పక్కవాడి భుజం మీద తలవాల్చి కునుకుతున్నాడు. నీ కాళ్ల పక్కనున్న సంచి అప్పుడు గుర్తొచ్చింది, నడుస్తున్న బండిలో నిన్ను బెదరగొట్టలేక చెప్పలేదు. నేను మంచిదాన్నే. కానీ దారిలో ఎవడైనా నన్ను ఏమార్చి సంచిలో ఇంకేదైనా పెట్టి ఉంటే? నాకూ తెలిసేది కాదు. నువ్వు అలాగే నవ్వుతూ ఎత్తి పెట్టుకునేవాడివి.

మీ నాన్నతో చెబితే ఆయన మండిపడ్డారు. "నివేదికలో ఆ ఒక్క ముక్క వదిలెయ్యవే. నీ సొమ్మేం పోయింది? వాడికి పిల్ల పుట్టబోతోంది!" అన్నారు. నేనూ ఊరుకోలేదు. "బండిలో వెనక ఉన్నవాళ్లకి పిల్లల్లేరా?" అన్నాను. అప్పట్నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు, కసుర్లు తప్ప.

నివేదిక నిన్న పంపేశాను. పెట్టె డ్రైవరు క్యాబిను దాకా వెళ్లిందని రాశాను. మోసింది నేనేనని, గేటు దగ్గర పనివాళ్ల ఇంటివాళ్ల సంచులు కూడా చూడాలని, సొంతవాళ్లకి తలుపు తియ్యొద్దని మీకెవరూ గట్టిగా చెప్పలేదని రాశాను. డ్రైవరు నంబరు అన్నచోట కలం కింద పెట్టేశాను. కుర్చీలోంచి లేచి ఇల్లంతా తిరిగి వచ్చి, రాశాను.

అది మా ఆఫీసరు సోమవారం చూస్తారు. ఈ ఉత్తరం కొరియర్లో రేపటికల్లా నీకు అందుతుంది. ఈలోగా నువ్వే వెళ్లి మీ పైవాళ్లతో జరిగింది చెప్పుకో. నీ నోటితో వినడం వేరు, కాగితంలో చూడ్డం వేరు. నీ పర్మినెంటు కాగితం ఆగిపోతుందేమో, ఉద్యోగమే పోతుందేమో, నాకు తెలియదు. అబద్ధపు ధైర్యం చెప్పను. భయంగా ఉంది నాయనా. కోపం వస్తే తిట్టు, పడతాను. ఉద్యోగం నిలిస్తే మాత్రం నాదొక్కటే మాట. ఈసారి క్యాబిను తలుపు నేనొచ్చి తట్టినా తియ్యకు.

ఇట్లు,
నీ నంబరు తన చేత్తో రాసిన
మీ అమ్మ