తేనెపెట్టెలకి ట్రైలర్ కొన్న వైనం

మా కందిరీగకి,

తాతయ్య ముద్దులూ, పైన ఒక మొట్టికాయా. ఇక్కడ అందరం క్షేమం. ఇన్నాళ్ళూ ఈ మాటని చెయ్యి తనంతట తనే రాసేసేది, నేను చూసేవాణ్ణి కూడా కాదు. ఈసారి మాత్రం లేచి వంటింట్లోకి తొంగిచూసి, మీ నాయనమ్మ గిన్నెలు సర్దుకుంటూ ఉందని కళ్ళారా చూసుకుని వచ్చి రాస్తున్నాను. కాబట్టి నమ్ము. నువ్వక్కడ ఆ తేనెటీగల బడిలో వేళకి తింటున్నావనీ, ఈగల చేత తప్ప పంతులమ్మల చేత కుట్టించుకోవటం లేదనీ తలుస్తాను.

నాకు ఇంకా దిమ్మ తిరుగుతూనే ఉంది. ఎందుకో చెబుతాను గానీ ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాయనీ. లేకపోతే "తాతయ్య నా ప్రశ్నలన్నీ దాటేసి సొంత గోల వెళ్ళబోసుకున్నాడు" అంటావు.

నీ పికప్ బండి బాగుంది. రోజూ ఒకసారి ఇంజను ఆడిస్తున్నాను. మీ నాన్న కూరగాయలకి తీసుకెళ్తానంటే, నీ ముఖానికి సైకిలు చాలురా అన్నాను. పెరట్లో ఈగలు కూడా బాగున్నాయి. ఒక పెట్టెలోవి మాత్రం నన్ను చూస్తే చాలు మీదికొస్తున్నాయి. వాటికి మీ నాయనమ్మ ఏం నూరిపోసిందో తెలియదు. పొద్దుతిరుగుడు చేలు మొగ్గ మీదున్నాయి. నువ్వు వచ్చేలోగానే విచ్చుకునేటట్టున్నాయి. కాబట్టి పెట్టెల్ని చేల దగ్గరికి చేర్చే పని నీకోసం ఆగదు.

నాయనమ్మ పాత మోకాలి నొప్పి ఎలా ఉందన్నావు. దాని సంగతి కాస్త ఆగి చెబుతాను.

ఇక ట్రైలర్. "తాతయ్యా, నా బండి లాగగలిగేది, నా పెట్టెలకి సరిపోయేది నువ్వే చూసి ఎంచు" అని రాశావు. ఆ ముక్క మీ నాన్నకి రెండుసార్లు చదివి వినిపించాను. "చూశావా, నిన్ను కాదు, నన్ను ఎంచమంది" అన్నాను. పక్కింటి వెల్డింగు బాబాయిని వెంటేసుకుని, మీ నాయనమ్మనీ నీ బండిలో ఎక్కించుకుని, ఊరి చివర ట్రైలర్లు అమ్మే ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

అమ్మా, ట్రైలర్లలో ఇన్ని రకాలున్నాయని నాకు తెలియదు. పశువుల్ని తోలుకెళ్ళే చువ్వలది, మట్టిని ఎత్తి కుమ్మరించేది, పడవ కూర్చునేది, ఒక ఇరుసుది, రెండు ఇరుసులది. మీ బాబాయి ప్రతిదాని కిందకీ దూరి, అతుకులు గోకి చూసి పెదవి విరిచాడు. "ఎందుకు పెదనాన్నా కొనటం, మా షెడ్డులో పాత నీళ్ళ ట్యాంకరు చట్రం ఉంది, నేనే చేసిపెడతా" అన్నాడు. "ఇదివరకు నువ్వు చేసిన మంచం మీద పడుకుంటే నేల మీద లేచాను, నోరు మూసుకో" అన్నాను.

అంతలో నాకు కనపడింది ఆ పెట్టె ట్రైలర్. నాలుగు వైపులా రేకు గోడలు, పైన కప్పు, వెనకాల రెండు రెక్కల తలుపు. తెల్లగా మల్లెపువ్వులా ఉంది. చూడగానే మనసు పారేసుకున్నాను. వాన పడదు, దుమ్ము పడదు, దొంగ ఎత్తుకెళ్ళడు. పక్కన నీ బొమ్మ వేయిద్దామనుకున్నాను, చేతిలో తేనె సీసాతో, కాస్త ముక్కు తగ్గించి.

మీ నాయనమ్మ తలుపులోంచి తొంగిచూసి, "ఇందులో ఈగలకి గాలెక్కడిదయ్యా?" అంది.

"కిటికీ పెట్టిస్తా."

"మనకి కిటికీ చాలు. వాటికి చాలుతుందా?"

"నువ్వేమన్నా ఈగవా, నీకెలా తెలుసు?"

అమ్మే ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "పెద్దాయనా, కొనేముందు ఒక పూట ఇంటికి తీసుకెళ్ళి లాగి చూసుకోండి. ఏదైనా సరే, బరువు చక్రాలకి కొంచెం ముందుకి ఉండేలా సర్దుకోవాలి. వెనక బరువైతే తోక ఊపుతుంది" అని, బండి లోపల ట్రైలర్ బ్రేకు మీట ఎక్కడ బిగించిందో చూపించింది. దాన్ని నొక్కితే వెనక ట్రైలర్ చక్రాలకి మాత్రమే బ్రేకు పడుతుందట. నేను సగమే విన్నాను. మిగతా సగంలో ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి ఎలా జారుతోందో మీ బాబాయికి అభినయించి చూపిస్తున్నాను. నా బుద్ధి నీకు తెలుసుగా.

దారి పొడుగునా మీ నాయనమ్మ మాట్లాడలేదు. అలక మొదలైందని అర్థమైంది. మా ఆట నీకు కొత్తకాదు. పోట్లాట అయ్యాక ఎవరు ముందు పలికితే వాళ్ళు ఓడినట్టు. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టాం, ఇప్పటికీ ఎవరం తగ్గలేదు. చిన్నప్పుడు నువ్వే మా మధ్య రాయబారం నడిపేదానివి. "తాతయ్యా, నాయనమ్మ నిన్ను అడగట్లేదంట గానీ అగ్గిపెట్టె ఎక్కడుంది?" అనేదానివి. ఆ ఆట ఆడటంలో మాకో మురిపెం ఉండేది తల్లీ. అది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇంటికి వచ్చాక ట్రైలర్‌ని లాగి చూద్దామని, ఊరికే ఖాళీగా ఎందుకని సరుకు ఎక్కించాం. ముందువైపు ఖాళీ తేనెపెట్టెలు నిలువుగా పేర్చాం. చేను గట్టుకి ముందే చేరుద్దామని, ఈగలకి తాగించే పంచదార పాకం పీపాల్ని వెనకాల తలుపు దగ్గర పెట్టాను. దింపటం తేలికని. అదీ నా తెలివి. మీ నాయనమ్మ మాట్లాడకుండానే పెట్టెలకి తాడు కడుతూ, వాటి మీద కప్పే వల సర్దుతూ లోపలికీ బయటికీ తిరుగుతోంది. మీ బాబాయి బండి ఎక్కి కూర్చున్నాడు. ఎండ నెత్తి మీదకొచ్చింది.

నేను ట్రైలర్ తలుపు దగ్గర ఇంటివైపు తిరిగి నిలబడి కేకేశాను. "ఏమే, వస్తున్నావా, ఇంట్లోనే ఉంటావా?"

జవాబు లేదు. ఇంట్లోకి వెళ్ళి ముఖం మాడ్చుకుని కూర్చుందనుకున్నాను. రెండోసారి పిలిస్తే నేను దిగొచ్చినట్టే కదా. పిలవలేదు. తలుపు రెక్కలు రెండూ మూసి గడియ వేసి బండి ఎక్కాను.

ఇప్పుడు కాస్త గట్టిగా కూర్చో. ఇది రాయటానికి ఇందాకటి నుంచి పక్కదారులు పడుతున్నాను.

బండి కదిలిన కాసేపటికే వెనకాల దబదబా చప్పుడు. మీ బాబాయి తల తిప్పి, "ఏదో కొట్టుకుంటోంది పెదనాన్నా, ఆపి చూద్దామా?" అన్నాడు. "ఖాళీ పెట్టెలురా, షికారుకి తీసుకెళ్తున్నామని గంతులేస్తున్నాయి" అన్నాను. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. చప్పుడు ఇంకా గట్టిగా వచ్చింది. నేను రేడియో పెంచాను.

మిల్లు దాటాక రోడ్డు దిగుడు ఉంది చూడు, అక్కడ మొదలైంది. ట్రైలర్ కుడికి లాగింది, నేను సరిచేస్తే ఎడమకి లాగింది. నేను తిప్పినకొద్దీ ఊపు పెరుగుతోంది. అద్దంలో చూస్తే ఆ తెల్ల పెట్టె రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి ఊగుతోంది. దాని ఊపుకి మన బండి వెనక భాగం కూడా జరుగుతోంది. మీ బాబాయి "బ్రేకు తొక్కకు, కాలు తియ్యి, కాలు తియ్యి" అంటూ ఆ చిన్న మీటని నొక్కి పట్టుకున్నాడు. ట్రైలర్‌ని వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టై, ఊపు తగ్గి, రోడ్డు వారగా ఆగాం. రేడియో కట్టేశాను.

అప్పుడు వినపడింది. వెనకాల చప్పుడు ఆగలేదు. బండి ఆగినా పెట్టెలు ఎందుకు కొట్టుకుంటాయి?

నేను ఎలా దిగానో తెలియదు. గడియ కాలుతోంది. తలుపు తెరవగానే పొయ్యిలోంచి వచ్చినట్టు వేడి ముఖానికి కొట్టింది. పీపా ఒకటి ఒరిగి పాకం అంతా కారిపోయి ఉంది. ఆ పాకంలో, పెట్టెల మధ్య, రెండు కాళ్ళూ గోడకి తన్నిపెట్టి, చేతిలో చెప్పుతో మీ నాయనమ్మ కూర్చుని ఉంది.

ఇంకోసారి రాస్తాను, ఎందుకంటే నాకే నమ్మకం కుదరటం లేదు. మీ నాయనమ్మ లోపల ఉంది. నేను దాన్ని లోపల పెట్టి గడియ వేసి, రేడియో పెంచుకుని, నవ్వుకుంటూ బండి తోలాను.

మీ బాబాయి లోపలికి దూకి చేతుల మీద ఎత్తుకొచ్చి చెట్టు నీడన కూర్చోబెట్టాడు. ముఖం కందగడ్డలా ఉంది. జుట్టంతా పాకం, మోచెయ్యి చీరుకుపోయింది, మోకాలు వాచింది. నీ ప్రశ్నకి జవాబు ఇదీ. నీళ్ళు తాగింది, ముఖం మీద పోసుకుంది, మళ్ళీ తాగింది. తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. తిట్టమని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

అది నా వైపు కాదు, ట్రైలర్ వైపు చూసి, "ఈగలకి ఇది వద్దయ్యా. ఇందులో ఏదీ బతకదు" అంది.

మొదటి మాట అది. తన గురించి కాదు.

నాకు అప్పుడు కోపం వచ్చింది, సిగ్గులేని కోపం. "పిలిచాను కదే. తలుపు దగ్గర నిలబడి పిలిచాను కదా. ఎందుకు పలకలేదు?" అన్నాను.

"వినపడింది."

"వినపడిందా?"

"పెట్టెల వెనక వల తీస్తున్నాను. నువ్వు పిలిచింది వినపడింది. పలికితే నువ్వు గెలుస్తావని ఊరుకున్నాను. తలుపు వేస్తే, ఏడిపించటానికి వేశావనుకున్నాను. బండి కదిలాక గానీ నిజంగా వెళ్తున్నావని తెలియలేదు."

మీ బాబాయి మా ఇద్దరి ముఖాలూ చూశాడు. "మీ ఇద్దరికీ బుద్ధి ఉందా పెదనాన్నా?" అన్నాడు. నాకు ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి. ఆ చెట్టు కింద కూర్చుని మేమిద్దరం ఒకర్నొకరు చూసుకోలేకపోయాం. నువ్వు అనుకునేదానివే, తాతయ్య, నాయనమ్మ ఎంత సరదాగా పోట్లాడుకుంటారో అని, ఆ సరదా ఇంత పని చేసింది.

డాక్టరమ్మకి చూపించాం. ఎముకలకి ఏమీ కాలేదట, మోకాలికి పట్టీ వేసి నడక తగ్గించమంది. ఎలా తగిలిందని అడిగితే మీ నాయనమ్మ "జారిపడ్డాను" అంది. మీ నాన్నకీ అదే చెప్పింది. నేను నీకు నిజం రాస్తున్నానని దానికి తెలియదు. దాచుకోవాలని ఉంది గానీ, నీ బండి, నీ ట్రైలర్, నీ నాయనమ్మ. నీకు తెలియాలి. నువ్వు తిట్టదలుచుకుంటే నన్నే తిట్టు, దాన్ని ఒక్క మాట అనకు.

ట్రైలర్ కడిగి వెనక్కి ఇచ్చాం. ఈసారి ఎంచింది మీ నాయనమ్మ. కుంటుకుంటూ వచ్చి, అమ్మే ఆవిడ చెప్పిందంతా ముక్క వదలకుండా విని, నన్నూ వినమని చెయ్యి గిల్లింది. పైన ఏమీ లేని చదును ట్రైలర్ తీసుకున్నాం. రెండు ఇరుసులు, ఒక టైరు పేలినా మిగతావి మోస్తాయి, గతుకుల్లో పెట్టెలకి కుదుపు తగ్గుతుంది. పెట్టెల్ని భుజాల దాకా ఎత్తకుండా ఎక్కించేంత తక్కువ ఎత్తు. చుట్టూ జానెడు అంచు, తాళ్ళు కట్టటానికి కొక్కేలు. పైన వల కప్పితే ఈగలు ఎగిరిపోవు, గాలి మాత్రం నిండా తగులుతుంది. నీ బండి లాగే బరువులో హాయిగా సరిపోతుంది. నీ బొమ్మ వేయించటానికి గోడ లేదు, అదొక్కటే లోటు.

ఇంటికి తోలుకురావటానికి తాళం మీ బాబాయి చేతికిచ్చాను. ఇక నేను స్టీరింగు పట్టనన్నాను. మీ నాయనమ్మ ఆ తాళం వాడి చేతిలోంచి తీసి నా జేబులో వేసింది. "నువ్వు తోలకపోతే, పిల్ల వచ్చేదాకా ఈగల్ని నెత్తిన పెట్టుకుని నేను మోయనా? ఎక్కు" అంది.

ఎక్కాను. ముందు ట్రైలర్ చుట్టూ తిరిగి చూశాను, కిందకి వంగి కూడా చూశాను. అది నా పక్క సీట్లో కూర్చుని సీటు బెల్టు పెట్టుకుంది. మెల్లగా వచ్చాం, సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయాయి. మొదటి మలుపు తిరిగాక, "ఉన్నానయ్యా" అంది.

"కనపడుతూనే ఉన్నావుగా."

"అయినా చెబుతున్నా."

మిల్లు దగ్గర దిగుడు వచ్చినప్పుడు నేను అడగకుండానే మళ్ళీ చెప్పింది. ప్రతి మలుపులోనూ చెప్పింది. ఇంటి గేటు దగ్గరికి వచ్చేసరికి నాకు రోడ్డు సరిగ్గా కనపడలేదు. అదే దిగి, కుంటుకుంటూ వెళ్ళి గేటు తీసింది.

ఇట్లు,
నీ చేతి దెబ్బలకి సిద్ధంగా ఉన్న
మీ తాతయ్య