క్రంబుల్ కుదరడం లేదు వదినా

మేడమీది వంటగది,
జూన్ పదిహేను, గురువారం, మధ్యాహ్నం.

వదినకు నమస్కరించి, నీ ఆడపడుచు రాస్తున్నది.

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావో నాకు చెప్పేవాళ్లు ఈ ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఆ సంగతి నువ్వే రాయాలి.

పైన వదిన అని రాసి కాసేపు ఆగాను. ఇంకా అలా పిలవచ్చో లేదో తెలియలేదు. నువ్వూ అన్నయ్యా విడిపోతూ కాగితాల మీద సంతకాలు పెట్టి పద్నాలుగు నెలలైంది. పెట్టింది మీరిద్దరే. నన్నెవరూ అడగలేదు, నేనెక్కడా సంతకం పెట్టలేదు. కాబట్టి నా వరకూ నువ్వింకా వదినవే. కాదంటావా, వచ్చి పోట్లాడు.

అన్నయ్య ఆఫీసు దగ్గర గది తీసుకున్నాడు. ఆదివారాలు వచ్చి భోంచేసి, టీవీ ముందు కునుకు తీసి వెళ్తాడు. నీ మాట ఎత్తడు, నన్నూ ఎత్తనివ్వడు. అమ్మ మాత్రం సీసా మూత బిగుసుకుపోయినప్పుడల్లా, ఆ పిల్ల ఉంటే ఒక్క పట్టున తీసేసేది అని గొణుక్కుంటుంది. నిన్ను తలుచుకోవడానికే మూతలు అంత గట్టిగా బిగిస్తుందేమోనని నా అనుమానం.

ఇక అసలు సంగతి. నువ్వు వెళ్లేనాటికి నేను గాజు గ్లాసుల్లో మామూలు కొవ్వొత్తులు పోసేదాన్ని కదా. ఇప్పుడు కేకుల్లా కనిపించేవి చేస్తున్నాను. కింద లేత పసుపు మైనం, మీద క్రంబుల్. అదే, నువ్వు ఆపిల్ కేకు మీద చల్లే పిండీ వెన్నా పలుకులు. అవి కూడా మైనంతోనే చెయ్యాలి. వీధి మూల బేకరీ ఆయన షాపు అద్దాల వెనక పెట్టుకుంటానని నలభై కొవ్వొత్తులు అడిగాడు. నేను సరేనని తలూపేశాను. నా సంగతి నీకు తెలుసుగా, ముందు తలూపి తర్వాత తల పట్టుకుంటాను.

మొదటిసారి కరిగించిన మైనం ట్రేలో పోసి, ఆగలేక వేడిమీదే ఫోర్కు పెట్టాను. ముద్దయి ఫోర్కుకే అతుక్కుంది. రెండోసారి బాగా ఆగుదామని కిందకి వెళ్లి ఎదురింటావిడతో మాటల్లో పడ్డాను. వచ్చేసరికి ట్రే నిండా పలక. పగలగొడితే గులకరాళ్లు. మూడోసారి సరిగ్గా ఫ్రిజ్‌లోంచి తీసి బయటపెట్టిన వెన్నలా ఉన్నప్పుడే పట్టుకున్నాను. పలుకులు విడుతుంటే ముచ్చటేసి గీకుతూనే ఉన్నాను. అన్నీ ఒకే సైజులోకి వచ్చేశాయి. బేకరీ ఆయన చూసి, రంపపు పొట్టు చల్లావేంటమ్మా అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

రంగు సంగతి ఇంకా ఘోరం. అంతా ఒకే గోధుమరంగు వేస్తే పూలకుండీలో మట్టిలా కనిపించింది. అమ్మ వంగి చూసి, ఏం మొక్క నాటావే అని అడిగింది. పలుకులు కాస్త బాగా వచ్చిన రోజేమో కింది మైనం ఇంకా వేడిగా ఉండి అన్నీ మునిగిపోయాయి. సరే, పూర్తిగా చల్లారాక చల్లితే, గ్లాసు ఇలా కదపగానే జలజలా రాలిపోయాయి.

ఇది చేస్తున్నంతసేపూ నీ చేతులే గుర్తొస్తాయి. పొద్దున్నే బేకరీలో పనికి వెళ్లే ముందు మనింటికోసం ఓ చిన్న కేకు పెట్టేదానివి. పిండిలో వెన్న వేసి వేళ్ల కొసలతో మాత్రమే నలిపేదానివి. అరచెయ్యి తగిలితే వెన్న కరిగిపోతుందనేదానివి. ఇంకొంచెం కలుపుదాం అనిపించినప్పుడే చెయ్యి తీసెయ్యాలి అని ఎన్నిసార్లు చెప్పావో. నేను వినకుండా గిన్నెలో వేలుపెట్టి పచ్చిపిండి నాకేదాన్ని. నువ్వు గరిటెతో చేతిమీద ఒక్కటేసేదానివి. ఆ దెబ్బ ఎప్పుడూ నొప్పి పెట్టలేదు వదినా. ఇప్పుడు పెడుతోంది.

ఇంకొకటి కూడా రాయాలి. నువ్వు వెళ్లిపోయిన రోజు బ్యాగు పట్టుకుని ఈ వంటగది గుమ్మంలోనే నిలబడ్డావు. నేను గిన్నె అడుగున మైనం గోకుతున్నాను. నువ్వున్నావని తెలుసు. తలెత్తితే అన్నయ్యకి ఎదురు తిరిగినట్టవుతుందనుకున్నాను. అందుకని ఎత్తలేదు. ఎప్పుడో శుభ్రమైపోయిన గిన్నెనే గోకుతూ ఉన్నాను. నువ్వు చాలాసేపు నిలబడ్డావు. మెట్లమీద నీ అడుగులు వినిపించాక తలెత్తాను. అది తప్పు. భయంతో చేసిన తప్పు. క్షమించమని అడగడానికి ఇన్నాళ్లు పట్టడం ఇంకో తప్పు.

నీకు బుధవారం సెలవని తెలుసు. ఎలాగంటావా? ఇప్పుడు నువ్వు పనిచేసే బేకరీకి ఫోన్ చేసి, క్రంబుల్ కేకు చేసే ఆవిడ ఏరోజు ఉండరని అడిగాను. ఎవరికి కేకు, ఏం సందర్భం అని ఆ అమ్మాయి ఎదురు ప్రశ్నలు వేసింది. కంగారులో, ఎప్పుడో పోయిన తాతయ్యకు పుట్టినరోజు చేసేశాను. నీకు ఫోన్ ఇమ్మని అడిగే ధైర్యం మాత్రం చాలలేదు.

వచ్చే బుధవారం రాగలవా? అన్నయ్య ఉండడు. మీ ఊరినుంచి బస్సులో గంటన్నరే. ఒక్క ట్రే నీ చేత్తో చేసి చూపించి వెళ్లిపో చాలు, ఎక్కువసేపు ఆపను. నమూనా పంపుదామంటే దారిలో పొడైపోతుంది. ఇలాంటివి ఉత్తరంలో రాస్తే వచ్చేవీ కాదు.

నీ ఆరోగ్యం జాగ్రత్త. ఓవెన్ దగ్గర పొడుగు చేతుల చొక్కా వేసుకో. మణికట్టు మీద ఆ పాత మచ్చ చాలు, కొత్తవి వద్దు.

పోస్టు వచ్చే వేళకు మెట్లమీద కాపలా కాస్తూ,
నువ్వు పేరు పెట్టిన
చిటపట

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. క్రంబుల్ కుదిరింది వదినా. ఇప్పుడు కాదు, పోయిన నవంబరులోనే. పైన రాసినవన్నీ జరిగినవే, కానీ అప్పటి సంగతులు. లేత రంగు పలుకులు ఎక్కువ, ముదురువి తక్కువ కలిపాను. కింది మైనం మీద మీగడలా పొర కట్టగానే చల్లాను. చివర్లో హెయిర్ డ్రయ్యర్ గాలి ఒక్క క్షణం చూపిస్తే అచ్చం వెన్న మెరుపు వచ్చేసింది. ఆ నలభై కూడా ఎప్పుడో ఇచ్చేశాను. బేకరీ ఆయన భార్యే నిజం కేకనుకుని ఓ పలుకు నోట్లో వేసుకుని ఉమ్మేసిందట. ఆ మాట వినగానే నవ్వుకుంటూ మేడమెట్లు రెండేసి ఎక్కి వచ్చాను, నీకు చెప్దామని. వంటగదిలోకి వచ్చాక గాని నువ్వు లేవని గుర్తు రాలేదు. చేతకాలేదని రాస్తే కనీసం పనిమీదైనా వస్తావనుకున్నాను. నేర్పడానికి ఇక్కడేమీ లేదు. ఊరికే రా.